ఆఫీసుకు వెళ్లొస్తానత్తయ్యా!

ఆఫీసు ఇంటికొచ్చాక మనకేం మిగిలింది అని ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు, ప్రయాణం టైము మిగిలిందని. నిజమే. ట్రాఫిక్‌లో రోజూ రెండు మూడు గంటలు పోగొట్టుకున్నవాళ్లకు అది చిన్న లాభం కాదు. కానీ ఆ ప్రయాణంతో పాటు ఇంకో రెండు కూడా చేతిలోంచి జారిపోయాయి. మనకు తెలియకుండానే కాళ్లు చేసే పని ఒకటి. ఇది ఇల్లు, అది ఉద్యోగం అని అందరికీ తెలిసేలా ఉండే గీత రెండోది. ఇంటి నుంచి పనిచేస్తూ వ్యాయామానికి టైము దొరకడం లేదని బాధపడేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ముందు ఈ రెంటినీ వెనక్కి తెచ్చుకోవాలని నా అనుభవం చెబుతోంది.

నాకు 39 ఏళ్లు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. పుట్టిల్లు, అత్తిల్లు రెండూ అనకాపల్లే. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో, మూసాపేటలో ఉండేవాళ్లం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నాను. మరుసటి ఏడాది మావారికి అచ్యుతాపురం సెజ్‌లో ఉద్యోగం దొరికింది. నన్ను ఇంటి నుంచే పనిచేసుకోమని కంపెనీ చెప్పింది. ఇంకేం, సామాన్లు సర్దుకుని గవరపాలెంలోని అత్తవారింటికి వచ్చేశాం. అత్తయ్య, మావారు, నేను, మూడో తరగతి చదివే మా అబ్బాయి. పైన డాబా, కింద రెండు గదులు, పెరట్లో కరివేపాకు చెట్టు. హైదరాబాద్‌లో కట్టే అద్దె మిగిలింది, పిల్లాడికి నానమ్మ దొరికింది. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం.

హైదరాబాద్‌లో నేను ఏనాడూ వ్యాయామం చేయలేదు. చేయాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు. ఇంటి నుంచి మెట్రో స్టేషన్‌కు నడక. స్టేషన్ మెట్లు. అమీర్‌పేటలో రెడ్ లైను దిగి బ్లూ లైను ఎక్కడానికి మళ్లీ మెట్లు, జనంలో పరుగులాంటి నడక. హైటెక్ సిటీలో దిగాక ఆఫీసు దాకా ఇంకో పది నిమిషాలు. మధ్యాహ్నం క్యాంటీన్‌కు, సాయంత్రం టీకి. ఫోన్లో చూస్తే రోజుకు ఏడెనిమిది వేల అడుగులు కనపడేవి. అనకాపల్లిలో నా మంచం నుంచి ఆఫీసు కుర్చీకి తొమ్మిది అడుగులు. కుర్చీ నుంచి వంటింటికి పద్నాలుగు. రాత్రి పడుకునేముందు ఫోన్ చూస్తే రెండు వేలు కూడా దాటేది కాదు.

2024లో కంపెనీ చేయించిన పరీక్షల్లో నా హెచ్‌బీఏ1సీ 6.1 అని వచ్చింది. రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో చెప్పే పరీక్ష ఇది. 5.7 లోపు ఉంటే మామూలు. 5.7 నుంచి 6.4 దాకా షుగర్ గుమ్మంలో నిలబడ్డట్టు. 6.5 వస్తే లోపలికి వచ్చేసినట్టే. డాక్టరుగారు కాగితం చూసి మందులేమీ రాయలేదు. “ఇంట్లో ఎవరికైనా ఉందా?” అని మాత్రం అడిగారు.

ఉంది. మా నాన్నకు ఉంది.

బెల్లం మార్కెట్లో ఇద్దరు

అనకాపల్లి అంటే బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మాదొకటి. మా నాన్న అక్కడ ఒక వ్యాపారి దగ్గర ముప్ఫై ఏళ్లకు పైగా గుమాస్తా. పొద్దున్నే వెళ్లి లెక్కల పుస్తకం ముందు కూర్చుంటే చీకటి పడ్డాకే లేచేవారు. సీజన్లో అయితే భోజనం కూడా అక్కడికే క్యారేజీ. ఆయన కళ్ల ముందే కళాసీలు పది కిలోలకు పైబడిన దిమ్మల్ని భుజాన ఎత్తుకుని బళ్ల నుంచి కొట్లోకి, కొట్టు నుంచి లారీలోకి మోసేవారు. ఇద్దరిదీ ఒకే మార్కెట్టు, ఒకే బెల్లం వాసన. నాన్నకు నలభై ఆరో ఏట షుగర్ బయటపడింది. యాభై ఎనిమిదో ఏట ఎడమ కాలికి దెబ్బ తగిలి, పుండు మానక, రెండు వేళ్లు తీసేశారు. ఆయన చెప్పుల జతలో ఎడమది ఎప్పుడూ ముందు అరిగిపోతుంది.

ఇలాంటి పోలికనే లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు ఎప్పుడో చూశాడు. అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఇంచుమించు ఒకే జీతం, ఒకే వీధులు. అయినా గుండెజబ్బు కండక్టర్లకు తక్కువగా, డ్రైవర్లకు ఎక్కువగా వస్తోందని ఆయన బృందం 1953లో ‘లాన్సెట్’ పత్రికలో రాసింది. ఉత్తరాలు పంచే పోస్టుమ్యాన్లను, కూర్చుని పనిచేసే తపాలా ఉద్యోగులను పోల్చినా అదే కనపడింది. మోరిస్ మాత్రం తను చెప్పింది తనే ఆచరించి 99 ఏళ్లు బతికాడు. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే, 1700లో, ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు ఏ వృత్తివాళ్లకు ఏ రోగాలు వస్తాయో ఒక పుస్తకం రాస్తూ, దర్జీల్లాంటి కూర్చుని పనిచేసేవాళ్లను కనీసం సెలవు రోజుల్లోనైనా ఒళ్లు కదిలించమన్నాడు. అంటే ఈ కుర్చీ జబ్బు కంప్యూటర్‌తో పుట్టింది కాదు.

అలాగని కళాసీ బతుకు ఆరోగ్యకరమైన బతుకని అనుకోకండి. ఎంత బరువు ఎత్తాలో, ఎప్పుడు ఆగాలో అతని చేతిలో ఉండదు. నాన్న వయసు కళాసీలు నడుములు, మోకాళ్లు పట్టుకుని నడవడం మా వీధిలోనే చూస్తుంటాను. ఒళ్లు కదలడం ఎంత ముఖ్యమో, ఆ కదలిక మీద మనకు అధికారం ఉండడం కూడా అంతే ముఖ్యం. ఈ మాట ఇంటి పనికీ వర్తిస్తుంది.

“రోజంతా నడుస్తూనే ఉన్నావు కదమ్మా!”

పొద్దున్నే నడకకు వెళ్తానని మొదటిసారి అన్నప్పుడు అత్తయ్య వింతగా చూశారు. “నడకేటమ్మా? గుమ్మంలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి రోజంతా తిరుగుతూనే ఉన్నావు కదా. మళ్లీ రోడ్డెక్కి తిరగడమేటి?” అన్నారు. ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగారు. జవాబు నేనూ వెతికాను.

ఇంటి పని కూడా వ్యాయామం కిందికే వస్తుందా అంటే, కొంత వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో శారీరక శ్రమ అంటే ఇంటి పనులు కూడా ఉన్నాయి. అయితే లెక్కకు రావాలంటే ఆ పని ఒక మోస్తరు గట్టిగా ఉండాలి. గుండె కాస్త వేగంగా కొట్టుకోవాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. వంగి ఇల్లు తుడవడం, బావి నీళ్లు తోడడం, బట్టలు బండకేసి ఉతకడం లాంటివి అలా ఉంటాయి. పొయ్యి ముందు నిలబడి పోపు వేయడం, కూరలు తరగడం, వాషింగ్ మెషిన్ బటన్ నొక్కడం అలా ఉండవు. మా అత్తయ్య కాలంలో మొదటి రకం ఎక్కువ. నా కాలంలో రెండో రకం ఎక్కువ. అలసట మాత్రం ఇద్దరికీ వస్తుంది.

పెద్దవాళ్లకు ఆ సంస్థ చెప్పే లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది ఆ కనీసం కూడా చేయడం లేదని ఒక అంచనా. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరు ఎక్కువసేపు పనిలో ఉంటారో మన ఇళ్లలో చూస్తే తెలుస్తుంది. అయినా లెక్కలో వెనకబడింది ఆడవాళ్లే. బద్ధకం వల్ల కాదు. తనదంటూ ఒక అరగంట లేకపోవడం వల్ల.

ఇంటి నుంచి పనిచేసే ఆడదాని అరగంటను లాక్కోవడం చాలా తేలిక. గ్యాస్ బండ వస్తే నేనే. కొరియర్ వస్తే నేనే. మంచినీళ్ల క్యాన్ వాడు బెల్లు కొడితే నేనే. చుట్టాలు ఫోన్ చేసి “ఇంట్లోనే ఉంటావు కదా, వస్తున్నాం” అంటారు. మావారు పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు ఎక్కుతారు. గ్యాస్ బండ వచ్చింది రండని అచ్యుతాపురానికి ఎవరూ ఫోన్ చేయరు. ఇటు ఆఫీసువాళ్లదీ అదే ధోరణి. ఇంట్లోనే ఉన్నారు కదా అని మధ్యాహ్నం భోజనం వేళ మీటింగు, రాత్రి తొమ్మిదిన్నరకు అమెరికా కాల్. ఇంటివాళ్లకు నేను ఆఫీసులో లేను. ఆఫీసువాళ్లకు నేను ఇంట్లో లేను.

ఒక ఆదివారం రాత్రి పిల్లాడు పడుకున్నాక మావారితో, అత్తయ్యతో కూర్చుని మాట్లాడాను. 6.1 కాగితం ముందు పెట్టాను. “నాన్న కాలు చూశారు కదా. నాకింకా 39. రోజుకు గంట నాకు కావాలి. ఆ గంటలో బెల్లు మోగితే నేను ఇంట్లో లేనట్టే లెక్క” అన్నాను. మావారు వెంటనే సరేనన్నారు. సరేననడం తేలికే, ఆరున్నరకు బస్సెక్కే మనిషికి. అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. “మరి పిల్లాడి టిఫినో?” అన్నారు చివరికి. అసలు సమస్య అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాం. ముందురోజు రాత్రే రుబ్బిన పిండి, చట్నీ సిద్ధం. పొద్దున మావారు దోసెలు పోస్తారు, తనకూ పిల్లాడికీ. మొదట్లో అవి దోసెలని ఆయన చెప్తే గానీ తెలిసేది కాదు. ఇప్పుడు బాగానే వస్తున్నాయి.

నా రోజు ఇలా

నా షిఫ్టు పొద్దున 11 నుంచి రాత్రి 8 దాకా. పొద్దున 5.40కి పక్కింటి వదినతో కలిసి ఎన్టీఆర్ స్టేడియం వైపు నడుస్తాను. అరగంట చురుగ్గా, వారానికి ఐదు రోజులు. దాంతోనే 150 నిమిషాలు అయిపోతాయి. తోడు ఎందుకంటే, చీకటితో వెళ్లేటప్పుడు కుక్కల భయం ఒకటి, “ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?” అనే వీధి అరుగుల ప్రశ్న ఒకటి. ఇద్దరుంటే రెండూ తగ్గుతాయి. ఎండాకాలంలో మా ఊళ్లో ఏడు దాటితే ఉక్కతో చొక్కా పిండుకోవాలి. అందుకే ఆ టైము మార్చను.

పదీ నలభైకి ఇంకోసారి చెప్పులు వేసుకుంటాను. “ఆఫీసుకు వెళ్లొస్తానత్తయ్యా” అని చెప్పి, వీధి చివర నూకాంబిక అమ్మవారి గుడి వైపు మలుపు దాకా వెళ్లి, చుట్టూ తిరిగి, పది నిమిషాల్లో మా ఇంటికే వచ్చి లాగిన్ అవుతాను. మొదటి వారం అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ పది నిమిషాల్లో వంటిల్లు తల్లోంచి దిగిపోతుంది. రాత్రి ఎనిమిదికి లాప్‌టాప్ మూసి అదే దారిలో ‘ఇంటికి’ వస్తాను. ఆఫీసు క్యాలెండర్లో ఈ రెండు వేళల్నీ ‘ప్రయాణం’ అని పెట్టాను. మా లీడ్ చూసి, “ఎక్కడికండీ రోజూ ప్రయాణం?” అన్నారు. సంగతి చెప్పాను. పొద్దుటి టైము జోలికి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. రాత్రి టైముకు మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు గండి పడుతూనే ఉంది.

మధ్యలో కుర్చీలోంచి లేవడం ఇంకో పని. పొద్దున అరగంట నడిచేశాం కదా అని తర్వాత తొమ్మిది గంటలు కదలకుండా కూర్చుంటే సరిపోదు. 2023లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు 11 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. ప్రతి అరగంటకూ ఐదు నిమిషాలు మెల్లగా నడిచినవాళ్లకు, రోజంతా కూర్చున్న రోజుతో పోలిస్తే, భోజనం తర్వాత చక్కెర పెరగడం సగానికి పైగా తగ్గింది. కారణం తేలికగా అర్థమయ్యేదే. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. తొడలు, పిక్కలు మన ఒంట్లో పెద్ద కండరాలు. కూర్చుంటే అవి ఖాళీగా ఉంటాయి. భోంచేశాక నూరడుగులు వేయమని పెద్దలు చెప్పేది ఊరికే కాదు.

అరగంటకోసారి లేవడం టెస్టింగ్ ఉద్యోగంలో కుదరదు. గంటకోసారి లేస్తాను. కెమెరా పెట్టనక్కర్లేని కాల్స్ అన్నీ నడుస్తూనే, ఎండ లేనప్పుడు డాబా మీద, ఉన్నప్పుడు హాల్లో. మంచినీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోను, వంటింట్లోనే ఉంచుతాను. మధ్యాహ్నం భోజనం తర్వాత పది నిమిషాల నడక తప్పనిసరి. వానాకాలంలో వీధి నడక కుదరకపోతే డాబా మెట్లు. కింద నుంచి పైకి 22 మెట్లు, నాలుగుసార్లు గబగబా ఎక్కి దిగితే చాలు, ఒళ్లు వేడెక్కుతుంది. వ్యాయామం అలవాటు లేని పాతిక వేలమంది బ్రిటన్ వాసుల వివరాలు పరిశీలించి 2022లో వచ్చిన ఒక పరిశోధన, ఇలాంటి ఒకటి రెండు నిమిషాల గట్టి శ్రమ రోజుకు మూడు నాలుగుసార్లు ఉన్నవాళ్లలో మరణాలు తక్కువని చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వరుసగా పది నిమిషాలు చేస్తేనే లెక్క అనే పాత నిబంధనను 2020లో తీసేసింది. ముక్కలు ముక్కలుగా చేసినా లెక్కకొస్తుందంటే, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు అంతకంటే మంచి వార్త ఏముంటుంది!

మంగళ, శుక్రవారాలు కండరాల వంతు. జిమ్ము లేదు, పరికరాలు లేవు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిహేనుసార్లు. గోడకు చేతులు ఆనించి దండాలు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతులతో ఎత్తి దించడం. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. తొడలు బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని ఆవిడ డాక్టరు కూడా ఈ కుర్చీ వ్యాయామమే చెప్పారు. అందుకని ఆవిడా నా పక్కన కుర్చీ వేసుకున్నారు. “లెగు, కూకో, లెగు, కూకో... బళ్లో మేస్టారు గుంజీలు తీయించినట్టుంది నా బతుకు” అంటూనే ఎనిమిది చేస్తారు. మొదట్లో మూడు దగ్గరే ఆగిపోయేవారు. లెక్కపెట్టేది మా అబ్బాయి. వాడు ఐదు తర్వాత నేరుగా ఎనిమిది అంటే నానమ్మకు సంతోషం.

ఆదివారం పొద్దున శంకరం వెళ్తాం. ఊరికి మూడు కిలోమీటర్లే. బొజ్జన్నకొండ మెట్లెక్కి, రాతిలో తొలిచిన గుహలు, ఇటుకల స్తూపం దాటి పైదాకా వెళ్లి చూస్తే చుట్టూ పొలాలే. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ఇది పెద్ద బౌద్ధ క్షేత్రమని బయటి ప్రపంచానికి తెలిసింది. బౌద్ధ భిక్షువులకు నడక కూడా సాధనలో భాగం. చంక్రమణం అంటారు. ఒకే దారిలో ముందుకు, వెనక్కి, మనసు పెట్టి నడవడం. దాని వల్ల ఐదు లాభాలని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయలో ఉంది. దూర ప్రయాణానికి ఓపిక, సాధన చేసే శక్తి, రోగాలు తక్కువగా రావడం, తిన్నది అరగడం, ఏకాగ్రత నిలవడం. ఎక్కువసేపు కూర్చునే మనుషులకు నడక అవసరమని గుర్తించిన ఆ మాట, మా సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసమే చెప్పినట్టు ఉంటుంది.

ఏడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటే 5.8 వచ్చింది. నడక ఒక్కటే కారణమని చెప్పను. రాత్రి అన్నం సగం చేశాను, బెల్లం కాఫీ రోజుకు ఒకటికి తగ్గించాను. అనకాపల్లి దాన్ని, పూర్తిగా మానమంటే నా వల్ల కాదు. గుమ్మంలో నిలబడ్డ షుగర్ ఇంకా అక్కడే ఉంది, ఒక మెట్టు దిగిందంతే. ఆపేస్తే మళ్లీ ఎక్కుతుందని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. నాన్నకు ఫోన్ చేసి చెబితే, “అయితే రేపట్నుంచి నేనూ మన వీధి చివరిదాకా వెళ్లొస్తానులే” అన్నారు. వెళ్తున్నారు కూడా, మెత్తటి బూట్లు వేసుకుని, ఇంటికొచ్చాక పాదాలు రెండూ అమ్మకు చూపించి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఎవరైనా నన్ను సలహా అడిగితే ఏ యాప్ మంచిదో నేను చెప్పలేను. మీ రోజులో ‘వెళ్లడం’, ‘రావడం’ అనే రెండు మాటల్ని తిరిగి పెట్టండి అంటాను. గుమ్మం దాటి వెళ్లండి, పది నిమిషాలకైనా సరే. ఆ మాట ఇంట్లోవాళ్లకు వినపడేలా చెప్పండి. మీ ఇంట్లో కోడలో, కూతురో, భార్యో అలా చెప్పి వెళ్తుంటే, ఆ పది నిమిషాలు బెల్లు మీరు చూసుకోండి.

మొన్నొక పొద్దున నేను వీధి మలుపు తిరిగి వస్తున్నాను. మా గుమ్మం ముందు గ్యాస్ బండి ఆగి ఉంది. “కోడలు గారు లేరేటి?” అని ఆ అబ్బాయి అడుగుతున్నాడు. అత్తయ్య పుస్తకం, డబ్బులు తనే తెచ్చి ఇస్తూ, “అది ఆఫీసుకెళ్లింది బాబూ, ఇప్పుడు రాదు” అన్నారు. నేను ఇంకో చుట్టు తిరిగి వచ్చాను.